జబ్బు లేని తోబుట్టువు

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
మార్చి 3

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కుంటావని తెలుసు. ఫోన్లో నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. "ఆ... ఊ... బట్టీలో రొట్టెలున్నాయక్కా, మళ్లీ చేస్తా" అంటావు, పెట్టేస్తావు. పైగా ఈ రెండు గదుల ఇంట్లో అమ్మ చెవులు నా ఫోనుకే అతుక్కుని ఉంటాయి. కాగితం మీదైతే నువ్వు మాట దాటేసిన చోటు నాకు స్పష్టంగా కనబడుతుంది.

విషయం ఇది. నా సోరియాసిస్‌కి ఈ ఏటితో ముప్పై ఆరేళ్లు నిండాయి. మనిషై ఉంటే ఈపాటికి దానికి పెళ్లై పిల్లలు కూడా పుట్టేవాళ్లు. ఆ పూతమందు కోసం పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకామె నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. జన్యువుల మీద పరిశోధన చేస్తోందట. ఇన్నేళ్లలో నా జబ్బేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆమే, అందుకని కొంచెం నచ్చింది.

మన ఒంట్లో కాపలావాళ్లుంటారట. ఎవరు మనవాళ్లో ఎవరు బయటినుంచి వచ్చిన శత్రువులో వాళ్లకి చూపించే పని కొన్ని జన్యువులది. అవి మనిషి మనిషికీ వేరు. వాటిలో ఒక రకం ఉన్నవాళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఏ గొంతునొప్పో వచ్చినప్పుడు కాపలావాళ్లు లేస్తారు, లేచినవాళ్లు పొరబడి సొంత చర్మం మీదే పడతారు. చర్మం కంగారుపడి, నెల రోజుల్లో తయారుకావలసిన పొరని నాలుగు రోజుల్లో పైకి తోసేస్తుంది. ఆ తోసిందే నా మోచేతుల మీద పొలుసులు. నాకు పన్నెండో ఏట మొదలైంది కూడా గొంతు వాచిన మూడో వారంలోనే, గుర్తుందా?

ఇప్పుడామెకి జంటలు కావాలి. జబ్బున్న మనిషి, ఆ మనిషికి జబ్బు లేని సొంత తోబుట్టువు. ఇద్దరి జన్యువులూ పక్కపక్కన పెట్టి ఏది తేడానో చూస్తుందట. సూది గుచ్చరు. చిన్న సీసాలో ఉమ్మితే చాలు. నాకున్నది నువ్వొక్కడివే కాబట్టి నీ పేరే రాయించాను. సీసా పంపనా?

అక్క

*

బేకరీ, వెనక గది
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, అమ్మకేమైనా అయిందేమోనని. తీరా చదివితే ఉమ్మి కావాలంటున్నావు. ఇన్నేళ్లకి తమ్ముణ్ణి నోరు తెరిచి అడిగింది ఇదా?

ఈ పరిశోధనలవీ నాకు అంతగా నమ్మకం లేదు. మన వివరాలు తీసుకెళ్లి ఎవరికి అమ్ముకుంటారో ఎవరికి తెలుసు? అయినా నాలో వాళ్లకి దొరికేది ఏమీ ఉండదు. నా ఒళ్లు అద్దంలా ఉంటుంది. మోచేతులు, మోకాళ్లు అన్నీ శుభ్రం. నా దగ్గర వెతకడం దండగ. ఇంకెవరైనా దగ్గరి చుట్టాలని అడగకూడదా?

ఇక్కడ పని ఊపిరి సలపనివ్వడం లేదు. మా బట్టీ మేస్త్రికి నడుంనొప్పి, పొయ్యి నేనే చూసుకోవాల్సొస్తోంది. మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. అమ్మకి దగ్గు తగ్గిందా?

తమ్ముడు

*

ఫిర్యాదుల కౌంటరు, జనం లేని వేళ
మార్చి 22

ఒరేయ్,

నేను పదిహేడేళ్లుగా ఏం పని చేస్తున్నానో మర్చిపోయినట్టున్నావు. చెప్పుల కంపెనీలో ఫిర్యాదులు తీసుకుంటాను. జనం తెగిన బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, నేను నోరు తెరవకముందే "వానలో అస్సలు వేసుకోలేదండీ" అంటారు. వాన సంగతి నేనడిగానా? అడగలేదు. అప్పుడే మడమ తిప్పి చూస్తాను. అక్కడ బురద ఉంటుంది.

నీ మోచేతుల సంగతి నేనడిగానా?

ఏదో దాస్తున్నావు. ఏమిటో ఇంకా తెలియదు. నా జబ్బు నీ పక్కన కాగితం మీద కనబడితే చిన్నతనంగా ఉందేమో, లేకపోతే మరదలు వద్దందేమో. దగ్గరి చుట్టాలు పనికిరారు, ఒకే అమ్మకీ నాన్నకీ పుట్టినవాళ్లే కావాలి. సీసా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకు, తాగకు. లోపల కాగితంలో నాలుగు ప్రశ్నలున్నాయి, అవునో కాదో గీత పెట్టి సంతకం చెయ్యి. అమ్మ దగ్గు తగ్గింది. నోరు తగ్గలేదు.

అక్క

*

బేకరీ
ఏప్రిల్ 9

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేసి సీసా నేరుగా ఆసుపత్రికి పంపేశాను. మంగళవారం పొద్దున్నే లేచి, నోరు పుక్కిలించి, సరిగ్గా అరగంట గడియారం చూసుకుని, గీత దాకా నింపాను. నురగ కలవకూడదని రాశారు కదా, నురగ అణిగేదాకా ఆగి మళ్లీ నింపాను. మూత బిగించి, కుదుపుకి కారకుండా గుడ్డ చుట్టాను. కావాలంటే మా మేస్త్రిని అడుగు, పక్కనే ఉన్నాడు. కాగితంలో "మీకెప్పుడైనా చర్మవ్యాధి వచ్చిందా" అన్నచోట లేదని గీత పెట్టాను.

ఇక ఈ గొడవ ఇక్కడితో వదిలెయ్యి. అందరం బాగున్నాం.

తమ్ముడు

*

ఇల్లు
మే 20

తమ్ముడూ,

ఉమ్మడానికి సాక్షిని చూపించిన మొదటి మనిషివి నువ్వే. నీ ఉత్తరం చదివినప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుంది. సరే, పంపావు కదా అని ఊరుకున్నాను.

ఫలితాలొచ్చాయి. ఆ డాక్టరమ్మ రమ్మంది. ఆ కాపలా జన్యువులు మనకి అమ్మ దగ్గర్నుంచి ఒక కట్ట, నాన్న దగ్గర్నుంచి ఒక కట్ట వస్తాయట. అమ్మ దగ్గర రెండు కట్టలుంటాయి, నాన్న దగ్గర రెండుంటాయి. ఎవరి రెంటిలో ఏది ఎవరికి దక్కుతుందో చెప్పలేం. అందుకని తోబుట్టువుల్లో కొందరికి రెండు కట్టలూ ఒకటే అవుతాయి, ఎక్కువమందికి ఒకటి కలుస్తుంది, కొందరికి ఏదీ కలవదు. నా దాంట్లో ఆ జబ్బు రకం ఉంది. నీ సీసాలో లేదు. అసలు నీదీ నాదీ ఒక్క కట్ట కూడా కలవలేదు.

"నాలుగు జంటల్లో ఒక జంటకి అలా అవుతుందండీ, ఫరవాలేదు" అంది డాక్టరమ్మ. ఫరవాలేదని ఎవరడిగారు? అంటూనే కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ అద్దాలు అప్పటికే తళతళలాడుతున్నాయి. బల్ల మీద ఇంకో కాగితం ఉంటే దాన్ని నెమ్మదిగా బోర్లా తిప్పింది. నేను చూడనట్టు నటించాను. ఆ రెండో కాగితంలో ఏముందో తెలుసుకోకుండా నాకు అన్నం సయించడం లేదు.

అక్క

*

బేకరీ
మే 28

అక్కా,

నాలుగింట ఒకటి అని ఆవిడే చెప్పింది కదా! ఇంకేం కావాలి? నేను అనుకున్నదే అయింది, నా దాంట్లో ఏమీ దొరకలేదు. నువ్వు ప్రతిదానికీ మడమ తిప్పి చూస్తావు. మనుషులు బూట్లు కాదక్కా.

ఆ కాగితం వేరే ఎవరిదో అయుండొచ్చు. డాక్టర్ల బల్ల మీద వంద కాగితాలుంటాయి. మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లకు. ముఖ్యంగా అమ్మని ఏమీ అడగొద్దు. పెద్దావిడ, అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటుంది.

నువ్వు చిక్కిపోయావని మీ మరదలు అంటోంది, మొన్న ఫోటో చూసి. వేళకి తిను.

తమ్ముడు

*

ఆసుపత్రి ఎదుట బస్సు స్టాపు, తర్వాత ఇల్లు
జూన్ 10

తమ్ముడూ అని రాయడానికి ఈవేళ చెయ్యి ఆగింది.

అమ్మని అడగొద్దని నువ్వెందుకు రాశావు? అమ్మని ఏమడగాలో నాకప్పటికి తోచనే లేదు. దారి చూపించింది నువ్వే.

వెళ్లాను. ఆ రెండో కాగితం చూపించమన్నాను. "అది చెప్పాలంటే మీ తమ్ముడి ఒప్పుకోలు కూడా కావాలండీ" అంది. అంటే ఒప్పుకోలు కావలసినంత విషయం ఉందన్నమాట. కదలకుండా కూర్చున్నాను. బయట రోగులు కేకలు వేస్తున్నా లేవలేదు. చివరికి ఆవిడ విసిగిపోయి ఒక్క మాట అంది. "కాపలా జన్యువులు కలవకపోవడం మామూలే. కానీ మేము ఇంకా వందల చోట్ల చూస్తాం. ఈ రెండు సీసాలనీ తోబుట్టువుల జంటగా మేము వాడుకోలేం." అంతే అంది. చాలు.

బస్సు స్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. మనిద్దరిలో ఎవరు పరాయి? నువ్వా, నేనా? అయిదు నిమిషాలు కూడా పట్టలేదు తేల్చుకోవడానికి. నేనే.

నువ్వు అప్పుడు తొమ్మిదేళ్ల వాడివి, నీకెంత గుర్తుందో తెలియదు. నాకు మచ్చలొచ్చిన వారానికే నా మంచం సామాన్ల గదిలోకి వెళ్లింది. నా ప్లేటు వేరు, నా సబ్బు వేరు, నా దువ్వెన వేరు. నాన్న నా జుట్టు కత్తిరించేశాడు. భోజనం నువ్వు తెచ్చేవాడివి. గడప దాటొద్దని చెప్పారని, ప్లేటు నేల మీద పెట్టి చెక్క స్కేలుతో లోపలికి తోసేవాడివి. స్కేలు నా వేళ్లకి తగిలితే కడుక్కునేవాడివి. అలా మూడేళ్లు, ఇది అంటుకోదని ఓ డాక్టరు నాన్నకి చెప్పేదాకా. 

ఇన్నేళ్లూ వాళ్లకి తెలియక చేశారనుకున్నాను. తెలియనితనాన్ని క్షమించడం తేలిక. ఇప్పుడు అది వేరేలా కనబడుతోంది. సొంత పిల్లకైతే అలా చేస్తారా? ఎక్కడినుంచో తెచ్చుకున్న పిల్ల కాబట్టి పెట్టె సర్దినట్టు పక్క గదిలోకి సర్దేశారు. అమ్మ పక్క గదిలో మందులు వేసుకుంటోంది. ఆ వీపు చూస్తూ రాస్తున్నాను. ఈవిడ నాకేమవుతుందో నాకు తెలియదు.

నీకు ముందే తెలుసు. అందుకే సీసా అంటే నీళ్లు నమిలావు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక అమ్మనే అడిగేస్తాను.

నీకు ఏమవుతానో ఇంకా తెలియని మనిషి

*

బేకరీ, ఉత్తరాలవాడు వచ్చే లోపు
జూన్ 14

అక్కా, అక్కా,

నువ్వు మా అక్కవే. అమ్మని అడక్కు. ఈ ఉత్తరం ఆదివారం లోపు చేరాలని మొక్కుకుంటున్నాను. నిన్న నువ్వు ఎత్తకపోతే ఇంటి ఫోనుకి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అమ్మే ఎత్తింది. ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటే, "ఎవడో వెధవ, ఊపిరి పీల్చుకోడానికి ఫోన్లు చేస్తున్నాడు" అని తిట్టి పెట్టేసింది.

ఆ సీసాలో ఉమ్మి నాది కాదు. మా బట్టీ మేస్త్రిది. "ఓ పనుంది, ఇందులో ఉమ్మి పెట్టు" అంటే ఎందుకని కూడా అడక్కుండా ఉమ్మిపెట్టాడు. ఆరోగ్యం కోసం నెలనెలా చూపించుకునే మనిషి, ఒంటి మీద మచ్చ లేదు. జబ్బుందా లేదా అనే చూస్తారనుకున్నాను. రెండు సీసాలు పక్కన పెట్టి ఎవరికెవరు ఏమవుతారో చూస్తారని నాకేం తెలుసు? అదీ నా తెలివి.

నా వివరాలు పరాయివాళ్ల చేతుల్లో పడటం ఇష్టం లేక అలా చేశాను. అంతకు మించి ఏమీ లేదు. నువ్వు సామాన్ల గది గురించి రాసింది చదివి ఏ పనీ చేయలేకపోయాను. ఒక వాయి రొట్టెలు మాడ్చేశాను. నన్ను ఎంతైనా తిట్టు. అమ్మని మాత్రం ఆ మాట అడక్కు.

తమ్ముడు

*

ఇల్లు, మేడ మెట్ల మీద
జూన్ 19

ఒరేయ్,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. నేను ఆదివారమే అడిగేశాను.

అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, "నేను నీ కూతుర్నేనా?" అన్నాను. అంత సూటిగా అడుగుతానని నేనే అనుకోలేదు. అమ్మ చేతిలో నా జాకెట్టు ఉంది. దాన్ని మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అప్పుడు నావైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"వాడు ఎవరి ఉమ్మి పంపాడు?" అంది.

నాకు అర్థం కాలేదు. "తమ్ముడిదే. సంతకం కూడా చేశాడు" అన్నాను.

"వాడిది కాదు. వాడు పంపడు. ఆ సీసాలోకి తన గుట్టు ఎలా ఉమ్ముతాడు?"

"ఏం గుట్టు?"

"వాడికీ ఉంది కదే. నీకొచ్చిన ఏడాదికే వచ్చింది. ముందు మోచేతులకి, తర్వాత మోకాళ్లకి."

ఆ మాట అమ్మ ఎంత మామూలుగా అందో రాయలేను, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. బట్టలుతికే దాన్ని నేను, నాకు తెలియకుండా ఎలా ఉంటుందంది. నీ చొక్కా చేతుల లోపల రక్తపు చుక్కలు, పొలుసులు చూసి నిన్ను నిలదీసిందట. నువ్వు ఆవిడ కాళ్లు పట్టుకున్నావట, సామాన్ల గదిలో పెట్టొద్దని. ఆవిడ నీకు పొడుగు చేతుల చొక్కాలు కుట్టించి నోరు మూసుకుందట.

"మరి నన్నెందుకు పెట్టావు?" అన్నాను.

"నిన్ను పెట్టింది మీ నాన్న. నా మాట చెల్లలేదు. వాడికీ వచ్చిందని తెలిస్తే ఏమనేవాడు? నీనుంచే అంటుకుందనేవాడు. అప్పుడు నువ్వు ఆ గదిలో కూడా ఉండేదానివి కాదు, ఏ అనాథల బడికో పంపించేసేవాడు. వాణ్ణి దాచింది నీ కోసం కూడా."

ఇది నిజమో, నేను అడిగాక అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. ఆవిడ కళ్లలోకి చాలాసేపు చూశాను. పదిహేడేళ్ల అనుభవం ఎందుకూ కొరగాలేదు. సాయంత్రం మాత్రం మందులు వేసుకోకుండా మంచం మీద కూర్చుని, "రెండు రోజులు నొప్పులు పడ్డానే నీకోసం, పరాయిదాన్నా అని అడిగావే" అని ఒక్కసారే అంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. మందులు తీసి చేతిలో పెట్టాను.

రెండు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. వివరాలు పరాయివాళ్ల చేతుల్లో పడటం ఇష్టం లేదట! సగం నిజం చెప్పి మిగతాది మింగేశావు. నేను పరాయిదాన్నేమో అని గిలగిల్లాడుతూ రాస్తే కూడా నీ గుట్టు నీకు ముఖ్యమైపోయింది. 

ఇంకో సంగతి చెప్తాను విను, బుద్ధిమంతుడా. డాక్టరమ్మని అడిగాను. ఆ రకం జన్యువు ఉండి కూడా జీవితంలో ఒక్క మచ్చ రానివాళ్లు బోలెడుమంది ఉన్నారట. జన్యువు ఉంటే అవకాశమే, తీర్పు కాదట. నువ్వు నీ ఉమ్మే పంపి, జబ్బు లేదని గీత పెట్టి ఉంటే, సీసా చూసి ఎవ్వరూ ఏమీ కనిపెట్టలేకపోయేవాళ్లు. మేస్త్రి చేత ఉమ్మించబట్టే దొరికిపోయావు.

కొత్త సీసా పంపుతున్నాను. పంపుతావో లేదో నీ ఇష్టం. నాకు కావలసింది మిగతా సగం.

*

బేకరీ, తలుపు గడియ పెట్టుకుని
జూలై 2

అక్కా,

నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది. ఎలా వస్తే అలా రాస్తాను.

పదేళ్ల వయసులో మొదలైంది. ఆ మొదటి రోజు నీకు ప్లేటు తెచ్చి, స్కేలు తీస్తుంటే నా మోచెయ్యి చూసుకున్నాను. రూపాయంత ఎర్రటి మచ్చ, పైన తెల్లగా. నీ చేతి మీద ఉన్నదాని లాంటిదే. గడపకి ఇవతల నిలబడ్డాను. నువ్వు లోపల పుస్తకం చదువుకుంటున్నావు, తలెత్తలేదు. అప్పుడు చూపించొచ్చు. చూపించలేదు. ప్లేటు తోసేసి వెళ్లి వేళ్లు కడుక్కున్నాను. కడుక్కోకపోతే నాన్నకి అనుమానం వస్తుందని కడుక్కున్నాను. అది నాకు బాగా గుర్తుంది అక్కా, నాకు గుర్తులేదని నువ్వనుకోకు.

తర్వాత అంటుజబ్బు కాదని డాక్టరు చెప్పి నిన్ను బయటికి తెచ్చారు. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ అప్పటికి రెండేళ్లు దాచాను. మచ్చ చూపించడం సులువే, దాచానని చూపించడం కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. 

నేను బేకరీ పని ఎందుకు నేర్చుకున్నానో ఎవరికీ తెలియదు. నాన్న గుమాస్తా పని చూపించాడు, వద్దన్నాను. గుమాస్తా బల్ల మీద తెల్లటి పొడి రాలితే నలుగురూ అడుగుతారు. ఇక్కడ భుజాల మీద ఏం రాలినా పిండే అనుకుంటారు. పిండి కలిపే పని నేను ముట్టుకోను, పొయ్యి, లెక్కింపు, అమ్మకం నావి. మీ మరదలికి పెళ్లైన కొత్తలో పిండి నా ఒంటికి పడదని చెప్పాను. ఇరవై రెండేళ్లు నమ్మింది. పాపం, నన్ను ఈ పని మానేయమని పోరుపెట్టేది.

సీసా వచ్చినప్పుడు నాకు జన్యువులు గుర్తురాలేదు. నీ ముఖం గుర్తొచ్చింది. కాగితం మీద నీకు తెలిసిపోతుందనుకున్నాను, నిన్ను స్కేలుతో తోసినవాడికి కూడా అదే ఉందని. మేస్త్రి ఉమ్మితో అది తప్పిపోతుందనుకున్నాను. బదులుగా నీకు అమ్మనే లేకుండా చేశాను, నాలుగు రోజులైనా సరే.

మీ మరదలికి నిన్న చెప్పాను. "మీ అక్కకి చెప్పారా?" అని అడిగింది. అంతే.

సీసా ఈవేళ పంపాను. నాదే. కాగితంలో అవునని గీత పెట్టాను. గీత కొంచెం వంకరపోయింది, డాక్టరమ్మకి చెప్పు.

తమ్ముడు

*

ఆసుపత్రి, చర్మవ్యాధుల వరండా
ఆగస్టు 21

తమ్ముడూ,

ఫలితం వచ్చింది. ఈసారి డాక్టరమ్మ నన్ను కూర్చోమనకముందే చెప్పేసింది. మనం ఒకే తల్లికీ తండ్రికీ పుట్టినవాళ్లం. అంతే కాదు, కాపలా జన్యువుల చోట అమ్మ ఇచ్చిన కట్టా ఒకటే, నాన్న ఇచ్చిన కట్టా ఒకటే. ఆ ఒక్క చోట నువ్వూ నేనూ తూచినట్టు సమానం. "జబ్బు లేని తోబుట్టువు" పట్టీలోంచి నిన్ను కొట్టేసి, ఇద్దరికీ ఉన్న జంటల పట్టీలో రాసుకుంది. అక్కడ కూడా మనం పనికొస్తామట.

నేను సంతోషించాలి కదా. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, "నాకు తెలియంది ఏం చెప్పావు?" అని పెట్టేసింది. తర్వాత ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెప్పులు చూసి మనుషుల్ని పట్టుకునే దాన్ని, నలుగురూ తొక్కుకుంటూ పోతుంటే ఎవరి కాళ్లూ చూడకుండా ఏడ్చాను.

జబ్బు కోసం కాదు. నువ్వు అబద్ధం ఆడినందుకు కూడా కాదు, రోజుకి ముప్పై మంది అబద్ధాలు వింటాను. ఆ మూడేళ్లూ లోకంలో ఇలాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నానురా. నేనేదో తప్పు చేసి ఉంటాను, ఏమిటో గుర్తు రావడం లేదు అని రోజూ వెతుక్కునేదాన్ని. గడపకి అవతల నువ్వున్నావు, అవే మచ్చలతో. ఒక్కసారి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించి ఉంటే చాలు. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చచ్చినా చెప్పేదాన్ని కాదు. దానికి నిన్ను ఇప్పుడప్పుడే క్షమించలేను, ప్రయత్నిస్తున్నానని కూడా అబద్ధం చెప్పను.

కానీ నువ్వు ముప్పై అయిదేళ్లుగా ఒక్క డాక్టరుకీ చూపించుకోలేదని డాక్టరమ్మ దగ్గర నువ్వు నింపిన కాగితంలో చదివాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు మంచి మందులున్నాయిరా. కీళ్లలోకి కూడా దిగుతుందట ఇది, వేళ్లు బిగుసుకుంటున్నాయా నీకు? అబద్ధం చెప్పకు.

అందుకని లేచి ముఖం కడుక్కుని, వరండాలో వరసలో నిలబడి వచ్చే నెల పన్నెండో తారీకుకి ఇద్దరికీ రాయించాను. నా తర్వాతి నంబరు నీది. రావాలి. మరదల్ని కూడా తీసుకురా. కిటికీలో కూర్చున్న గుమాస్తా తలెత్తకుండానే నీ వయసు అడిగాడు, ఊరు అడిగాడు, జబ్బు ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఆఖర్న, "మీరు ఆయనకేమవుతారు?" అన్నాడు.

"సొంత అక్కని" అన్నాను.

అంత గట్టిగా అనక్కర్లేదు. వరసలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు.